ఇంజిన్ కోడ్లు: పాత కార్లలో చదివే పద్ధతులు, కోఠి పరిసరాలు

కారులోని కంప్యూటర్ తన దృష్టికి వచ్చిన లోపాన్ని గుర్తుపెట్టుకుని, అడిగినప్పుడు అంకెల్లో చెప్పే సంకేతాలే ఇంజిన్ కోడ్లు. ఆ కంప్యూటర్ని మెకానిక్కులు ఈసీఎం అంటారు, కోడ్లు చదివే పనిని స్కానింగ్ అంటారు. డ్యాష్‌బోర్డు మీద పసుప్పచ్చగా వెలిగే చెక్ ఇంజిన్ లైటు ఇందులో సగం కథ మాత్రమే చెబుతుంది. లోపం ఉందంటుంది, ఎక్కడుందో చెప్పదు. ఈ రోజుల కార్లకు స్కానరు తగిలిస్తే నిమిషంలో పని అయిపోతుంది. సుమారు 1980కీ 2010కీ మధ్య తయారైన కార్లది వేరే దారి. వాటిలో చాలావాటికి ఒక్కో కంపెనీది ఒక్కో సాకెట్, ఒక్కో లెక్క. హైదరాబాదులో అలాంటి కార్లను నిలబెట్టుకునేవాళ్లకు కావలసినవి కోఠి చుట్టుపక్కల నడిచి తిరిగేంత దూరంలోనే దొరుకుతాయి. గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ విడిభాగాలు, గోషామహల్‌లో పాత బళ్ల సామాన్లు, కోఠి ఫుట్‌పాత్‌ల మీదా ఆదివారం ఆబిడ్స్‌లోనూ పాత సాంకేతిక పుస్తకాలు.

కోడ్లు రాకముందు ఇంజిన్ జబ్బు పట్టడం కంటికీ చెవికీ సంబంధించిన విద్య. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం 1912 రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ మొదలు వీధుల్లో తిరిగిన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని దాకా అన్నిటికీ ఇదే వర్తించేది. స్పార్క్ ప్లగ్గు విప్పి చూస్తే మసి పట్టి నల్లగా ఉందంటే పెట్రోలు ఎక్కువవుతోందని, తెల్లగా కాలిపోయి ఉందంటే తక్కువవుతోందని, లేత గోధుమ రంగులో ఉంటే అంతా సవ్యమని అర్థం. మిస్సింగ్, అంటే పెట్రోలు సరిగా మండకపోవడం, ఏ సిలిండర్‌లో ఉందో తేల్చడానికి ఒక్కో ప్లగ్గు వైరు తీసి ఇంజిన్ శబ్దం వినేవారు. ఈ విద్యకు కాలం చెల్లిందనుకోవడం పొరపాటు. కోడ్లు చదవడం వచ్చినా ఇది రానివాడు పాత కారుని బాగుచేయలేడు.

కారులోకి ఎలక్ట్రానిక్స్ పెట్రోలు వెంటే వచ్చాయి. 1967లో బాష్ కంపెనీ డీ-జెట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ పెట్రోలు ఇంజెక్షన్‌ను ఫోక్స్‌వ్యాగన్ 1600కు అమర్చింది. 1971లో ఫోక్స్‌వ్యాగన్ తన కార్లకు ఒక సాకెట్ పెట్టి, వర్క్‌షాపులోని యంత్రానికి కలిపి పరీక్షించే ఏర్పాటు చేసింది. అయితే కారు తన లోపాన్ని తానే గుర్తుపెట్టుకోవడం జనరల్ మోటార్స్‌తో ఊపందుకుంది. 1980లో కొన్ని మోడళ్లలో మొదలుపెట్టి, 1981 నాటికి అమెరికాలో అమ్మే తన పెట్రోలు కార్లన్నిటికీ ఆ కంపెనీ కంప్యూటర్ నియంత్రణ తెచ్చింది. డ్యాష్‌బోర్డు కింది సాకెట్‌లో ఏ, బీ అనే రెండు పిన్నుల్ని చిన్న తీగతో కలిపి తాళం తిప్పితే చెక్ ఇంజిన్ లైటు మిణుకు మిణుకుమంటూ లెక్క చెప్పేది. ఒక మెరుపు, చిన్న విరామం, రెండు మెరుపులు. అది 12. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు 12 రావడం లోపం కాదు. డిస్ట్రిబ్యూటర్ నుంచి తిరుగుడు సంకేతం రావట్లేదని కంప్యూటర్ చెబుతోంది, ఆగిన ఇంజిన్ నుంచి అది రాదు కదా. అంటే కంప్యూటర్ మేలుకునే ఉందన్నమాట. ఒక్కో కోడు మూడేసిసార్లు చెప్పి తర్వాతి దానికి వెళ్లేది.

మిగతా కంపెనీలు తలా ఒక దారి పట్టాయి. టొయోటాలో టీఈ1, ఈ1 అనే పిన్నుల్ని కలపాలి. ఆగకుండా ఒకే వేగంతో మెరుస్తుంటే లోపం లేనట్టు. నిస్సాన్‌లో చాలావాటికి ఈసీఎం పెట్టె మీదే స్క్రూ తిప్పి, ఎరుపు, ఆకుపచ్చ దీపాల్ని లెక్కపెట్టాలి. 1990ల మెర్సిడెస్ కార్లలో 38 పిన్నుల గుండ్రటి సాకెట్ ఉండేది. హోండాల్లో డ్యాష్‌బోర్డు కింద దాగిన రెండు పిన్నుల ప్లగ్గును ఒక జెమ్ క్లిప్పుతో కలిపితే చాలు. పొడుగు మెరుపు పది, పొట్టి మెరుపు ఒకటి. ఒక్క పొడుగు మెరుపు వచ్చి ఆగితే 10, లోపలికి పోయే గాలి ఉష్ణోగ్రత సెన్సార్‌ది. ఏడు పొట్టి మెరుపులు థ్రాటిల్ సెన్సార్‌వి. సుజుకీ ఇంజెక్షన్ ఇంజిన్లు కూడా మెరుపుల భాషే మాట్లాడేవి. 13 ఆక్సిజన్ సెన్సార్, 14 కూలెంట్ సెన్సార్. లెక్క తప్పితే వేరే సెన్సార్ మీద నింద పడుతుంది, అందుకే ఒకరు చూస్తుంటే ఇంకొకరు కాగితం మీద రాసుకోవడం మంచి పద్ధతి.

కోడు తీర్పు కాదు, ఫిర్యాదు. ఈ ఒక్క మాట తెలియకే ఎన్నో మంచి సెన్సార్లు చెత్తలోకి పోయాయి. కూలెంట్ సెన్సార్‌నే తీసుకుందాం. అది వేడికి నిరోధం తగ్గే చిన్న ముక్క. బాష్ రకానివి 20 డిగ్రీల దగ్గర సుమారు రెండున్నర వేల ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర సుమారు మూడు వందల ఓమ్‌లు చూపిస్తాయి. ఈసీఎం దానికి 5 వోల్టులు పంపి ఎంత మిగిలిందో చూస్తుంది. తీగ తెగితే 5 వోల్టులూ అలాగే మిగులుతాయి. కంప్యూటర్‌కు ఇంజిన్ గడ్డకట్టే చలిలో ఉన్నట్టు కనిపిస్తుంది. నమ్మితే పెట్రోలు కుమ్మరిస్తుంది, పొగ నల్లగా వస్తుంది. అనుమానం వస్తే కోడు వేస్తుంది. కానీ ఆ తీగని ఎలుక కొరికిందా, కనెక్టర్‌లో పచ్చటి తుప్పు చేరిందా, సెన్సారే చచ్చిందా అన్నది కోడు చెప్పదు. కనెక్టర్ విప్పి మల్టీమీటర్‌తో సెన్సార్ నిరోధం కొలిచి, తర్వాత తీగల్లో 5 వోల్టులు వస్తున్నాయో లేదో చూసినవాడే సరైన మెకానిక్కు. ఈ రెండు కొలతలకీ ఐదు నిమిషాలు పట్టదు. వాటిని దాటేసి నేరుగా కొత్త సెన్సార్ కొనిపించడం బండివాడి డబ్బుకు అన్యాయం.

ఇంకో ప్రమాదం బ్యాటరీ. ఆ కాలపు ఈసీఎంలు చాలావరకు బ్యాటరీ కరెంటు ఉన్నంతసేపే కోడ్లను గుర్తుంచుకుంటాయి. వర్క్‌షాపుకి వెళ్లగానే బ్యాటరీ తీగ విప్పితే సాక్ష్యం తుడిచిపెట్టుకుపోతుంది. కోడ్లు రాసుకున్నాకే బ్యాటరీ మీద చెయ్యి వెయ్యాలి.

ఈ గందరగోళాన్ని చట్టం సరిచేసింది. కాలిఫోర్నియా వాయు వనరుల మండలి 1988 మోడళ్ల నుంచి కార్లకు స్వీయ పరీక్ష తప్పనిసరి చేసింది. రెండో దశ నియమాలతో 1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కొత్త కారుకూ 16 పిన్నుల సాకెట్, అందరికీ ఒకే కోడ్ల పట్టిక వచ్చాయి. పీ0300 అంటే ఏ కంపెనీ కారైనా మిస్సింగే. ఐరోపా పెట్రోలు కార్లకు 2001లో ఇదే వరస మొదలైంది.

మన దగ్గర ఇది ఆలస్యంగానూ అంచెలంచెలుగానూ జరిగింది. 1998లో వచ్చిన శాంత్రో, మాటిజ్‌లు ఇంజెక్షన్ ఇంజిన్లను మధ్యతరగతి ఇళ్ల ముందుకు తెచ్చాయి. 1983 నుంచి కార్బొరేటర్‌తోనే నడిచిన మారుతీ 800కు 2000లో ఇంజెక్షన్ వచ్చింది. 2005 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 3, 2010 ఏప్రిల్‌లో స్టేజ్ 4 కాలుష్య నియమాలు మొదట అమలైన నగరాల్లో హైదరాబాదు ఉంది. ఆ స్టేజ్ 4 అందుకోలేకే మారుతీ 800 అమ్మకం 2010 ఏప్రిల్ నుంచి హైదరాబాదుతో సహా 13 నగరాల్లో ఆగిపోయింది. కారు తన లోపాలు తానే కనిపెట్టి చెప్పాలన్న నియమం తొలి దశ 2010లో, పూర్తి దశ 2013లో వచ్చాయి. అందుకే 1998కీ 2010కీ మధ్యనాటి మన కార్లు చాలా మాయ చేస్తాయి. 16 పిన్నుల సాకెట్ చూసి స్కానర్ తగిలిస్తే, చాలావాటి నుంచి జవాబు రాదు. సాకెట్ ఆకారం ప్రపంచానిది, లోపలి భాష కంపెనీది. ముందుగా 16వ పిన్నులో బ్యాటరీ వోల్టేజి, 4, 5 పిన్నుల్లో ఎర్తు వస్తున్నాయో చూడాలి. అవి బాగుండి కూడా సంబంధం కుదరకపోతే ఆ కంపెనీ భాష తెలిసిన పరికరం కావాలి.

కెనడాకు చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ 2005లో తెచ్చిన ఈఎల్ఎం327 చిప్పు స్కానింగ్‌ను సామాన్యుడి చేతికిచ్చింది. దాని తొలి ప్రోగ్రామ్‌కు రక్షణ పెట్టకపోవడంతో నకళ్లు పుట్టుకొచ్చి, ఫోనుకు బ్లూటూత్‌తో కలిసే చవక డాంగిల్స్ ప్రపంచమంతా నిండాయి. వాటిలో చాలావాటి మీద 1.5 అని ఉంటుంది. అసలు కంపెనీ ఆ వెర్షన్‌ను ఎన్నడూ విడుదల చేయలేదు. ఎల్మ్ 2022లో మూతపడింది. చవక నకళ్లలో కొన్ని పాత ఒంటి తీగ భాషల్ని, అంటే 7వ పిన్ను మీద నడిచే కే-లైన్ మాటల్ని, సరిగా అందుకోలేవు. పాత కార్లకు కావలసింది సరిగ్గా అదే.

డాంగిల్ చేతులెత్తేసిన చోటే గుజరాతీ గల్లీ విలువ తెలుస్తుంది. మెరుపుల కోడు చదవడానికి ఒక ఎల్ఈడీ, ఒక కిలో ఓమ్ రెసిస్టర్, రెండు క్లిప్పులు ఉంటే పరీక్ష దీపం తయారవుతుంది. 12 వోల్టుల మీద దాని గుండా పది మిల్లీ ఆంపియర్లే పోతాయి కాబట్టి ఈసీఎంకు హాని ఉండదు. సాకెట్లు, తీగలు, టంకం సామాగ్రి, మల్టీమీటర్లు అన్నీ ఆ సందుల్లోనే దొరుకుతాయి.

కొన్నిసార్లు ఈసీఎమ్మే మూగబోతుంది. తాళం తిప్పగానే చెక్ ఇంజిన్ లైటు కొన్ని క్షణాలు వెలగాలి. వెలగకపోతే ముందు బల్బు చూడాలి, లోపం దాచడానికి బల్బు పీకేసి బండి అమ్మేవాళ్లూ ఉంటారు. బల్బు, ఫ్యూజు, ఎర్తు బాగుంటే పెట్టె విప్పాలి. 1990ల ఈసీఎంలలో కెపాసిటర్ల నుంచి ద్రవం కారి పక్కనున్న రాగి దారుల్ని తినేయడం తరచుగా కనిపించే జబ్బు. చేపల వాసన, కెపాసిటర్ కాళ్ల దగ్గర పచ్చటి మచ్చ దాని గుర్తులు. బోర్డును శుభ్రం చేసి, అదే విలువ గలవి, 105 డిగ్రీల వేడిని తట్టుకునేవి అయిన కొత్త కెపాసిటర్లు వేస్తే చాలా పెట్టెలు మళ్లీ మాట్లాడతాయి. అలా కాక గోషామహల్‌లో పాత ఈసీఎం కొనేటట్లయితే పెట్టె మీది పార్టు నంబరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఇమ్మొబిలైజర్, అంటే తన తాళం కాకపోతే ఇంజిన్‌ను కదలనివ్వని ఏర్పాటు, ఉన్న కారైతే మన కారు తాళంతో ఆ పెట్టెకు జత కుదర్చాలి, లేదా అది వచ్చిన కారు తాళం కూడా తెచ్చుకోవాలి.