కేక వేసిన అక్షరములు

పుస్తకములోని అక్షరము తనవైపు చూడుమని చదువరిని కోరదు. గోడ నంటిన ప్రకటనలోని అక్షరమున కదియే పని. ఈ రెండవజాతి యక్షరములు పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభమున లండను నగరమున బలిసినవి.

ఇంగ్లీషు అక్షరముల కొసలయందుండు చిన్న అడ్డుగీతలకు సెరిఫులని పేరు. ఇవి మన తలకట్టు వంటివని తోచవచ్చును గాని, తలకట్టు అకారమును తెలుపు గుర్తు. సెరిఫును తీసివేసినను అక్షరము మాఱదు, అది యలంకారము. పార్మాలో బొడోనీయు, పారిసులో డిడో కుటుంబమువారును అంతకుముందే లావుగీతకును సన్నగీతకును గల భేదమును పెంచియుండిరి. లండనులోని రాబర్టు థోర్ను దానిని హద్దు దాటించెను. నిలువుగీతలు దూలములవలె, సెరిఫులు వెండ్రుకలవలె నుండెను. ఈ మార్పునకు థోర్నే కారకుడని 1822లో విలియం సావేజి వ్రాసెను. పుస్తక ముద్రాపకులలో పలువురి కీ రూపము నచ్చలేదు. లాటరీ ప్రకటనలవారికి మాత్రము మిక్కిలి నచ్చినది!

థోర్ను 1820లో మరణించెను. ఆతని పోతశాలను వేలములో విలియం థోరోగుడ్డు కొనెను. అక్షరముల పోతలో ఆతనికి పూర్వపరిచయము లేదు. కొన్న సొమ్ము లాటరీలో వచ్చినదే యని చరిత్రకారు లందురు. జూదమును నిరసించు మనకు ఈ కథ కొంత చిక్కు కలిగించును. లాటరీ ఆ యక్షరములకు గిరాకి నిచ్చెను; వానిని కొనుటకు ధనమును నిచ్చెను. ఇంగ్లండు ప్రభుత్వపు లాటరీ 1826లో ఆగిపోయినను అక్షరములు ఆగలేదు.

అయితే ఆ వెండ్రుకగీతలు త్వరగా అరిగెడివి. చిన్న పరిమాణమున లావుగీతల నడుమ సిరా నిండి అక్షరము మసకబారెడిది. 1845లో అదే పోతశాలనుండి క్లారెండన్ అను క్రొత్త అక్షరము వెలువడెను. దాని సెరిఫులు దళసరివి. వంపు తిరిగి కాండములో కలిసిపోవును. నిఘంటువులో పదము నెత్తి చూపుట కిది చక్కగా నొదిగినది. పోతశాల భాగస్వామియగు రాబర్టు బెస్లీ దానిని అలంకార రూపముల చట్టము క్రింద నమోదు చేయించెను. ఆ రక్షణ మూడేండ్లే. గడువు తీరగనే తక్కిన పోతశాలలవారు అనుకరణలు పోసిరి. బెస్లీ వారిని దొంగలని నిందించెను.

ఆతని కోపము న్యాయమైనదే. కాని ఉక్కుమీద ఆ రూపమును చెక్కినవాడు బెంజమిను ఫాక్సు. చట్టము నమోదు చేయించినవానిని కాపాడెను గాని చెక్కినవానిని గుర్తింపలేదు. ఫాక్సు తరువాత ఆ పోతశాలలోనే భాగస్వామి యయ్యెను; చేతిపనివారి కట్టి గౌరవము తఱచుగా దక్కునది కాదు. బెస్లీ 1869లో లండను లార్డు మేయరయ్యెను.

1953లో స్విట్జర్లండున హెర్మన్ ఐడెన్‌బెన్జు క్లారెండనును మరల గీసెను. నేడది కంప్యూటరులలోను దొరకును. ఫాక్సు చెక్కిన ఆ కొసల వంపు అందును కనబడును.