నలుపు, బంగారం, ఆకు రంగు

పోయిన ఎండాకాలం ముండ్లమూరులో అమ్మ దగ్గర ఇరవై రోజులున్నాను. మా మేనల్లుడు ఉద్యోగానికి దేశం దాటుతూ అటక మీద వదిలేసి వెళ్లిన అట్టపెట్టె ఒకటి కనిపించింది. ఫోన్ చేసి అడిగితే "నువ్వు చేసుకో అత్తా, నాకు ఓపిక లేదు" అన్నాడు. పెట్టెలో ఒక రేసు కారుంది, ముక్కలుగా. 1978లో మారియో ఆండ్రెట్టిని ప్రపంచ విజేతని చేసిన లోటస్ 79. అసలు కారులో ఇరవయ్యో వంతు. బిగించడం అయ్యాక జానెడు పొడవుంటుంది.

నాకు యాభై దాటాయి. చిన్నప్పుడు నా చేతికిచ్చినవి లక్కపిడతలు. జొన్నబెండ్లతో ఎద్దులబండి చేయడం, తాటిబుర్రలకి పుల్ల గుచ్చి వీధంతా తోలడం తమ్ముడి పని. నేను బెండు చెక్కితే వాడు తోలేవాడు. కాబట్టి ఈ కారుని పట్టుదలగానే మొదలుపెట్టాను. చట్రాలకి అతుక్కుని ఉన్న ముక్కల్ని ఒక్కొక్కటీ కత్తిరించి, కత్తిరించిన చోట మిగిలిన మొటిమని ఆకురాయితో అరగదీసి, తడిపిన గరుకు కాగితంతో నునుపు చేసి, నల్లరంగు పల్చగా మూడు పూతలు వేశాను. ఒక పూత ఆరకుండా ఇంకోటి వేస్తే ముడతలు పడుతుంది. నాది పడింది. మళ్లీ అరగదీశాను. పని చేసే పీటగా అమ్మ పెట్టెలోంచి మార్కాపురం పలక ఒకటి తీసి పెట్టుకున్నాను.

చిక్కు స్టిక్కర్ల దగ్గర వచ్చింది. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, కాగితం మీంచి జారుస్తూ అంటించాల్సిన పల్చటి పొరలవి. నలుపు మీద బంగారు గీతలు, నంబరు, టైర్ల కంపెనీ, ఇంధనం కంపెనీ, అన్నీ ఉన్నాయి. పక్కభాగంలో మాత్రం పెద్ద ఖాళీ. పెట్టెతో వచ్చిన బొమ్మలోనూ అక్కడ ఖాళీయే. మేనల్లుణ్ణి అడిగితే నవ్వాడు. "అక్కడ సిగరెట్ పేరుండాలత్తా. పిల్లలు కొనే వస్తువని తీసేస్తారు. కావాలంటే ఆ పేర్లు విడిగా అమ్మేవాళ్లున్నారు."

ఆ ఖాళీ నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఎందుకంటే నేను కూర్చున్న వసారా పొగాకు డబ్బుతో కట్టింది.

అసలు కారు మీదికి సిగరెట్ ఎందుకెక్కింది? బ్రిటన్ 1965లో టీవీలో సిగరెట్ ప్రకటనల్ని నిషేధించింది. కంపెనీల దగ్గర డబ్బుంది, చూపించుకోవడానికి తెర లేదు. 1968లో దారి దొరికింది. జనవరిలో దక్షిణాఫ్రికా పందెంలో అక్కడి జట్టొకటి సిగరెట్ రంగుల్లో దిగింది. మే నెలలో స్పెయిన్‌లో, అప్పటిదాకా ఆకుపచ్చగా పరిగెత్తిన లోటస్ జట్టు గోల్డ్ లీఫ్ పెట్టె రంగులు పూసుకుని వచ్చి గెలిచింది. 1972 నాటికి అదే జట్టు జాన్ ప్లేయర్ స్పెషల్ పెట్టెలాగా నల్లగా, బంగారు గీతలతో మారిపోయింది. ప్రకటన వెయ్యొద్దన్న టీవీయే పందెం చూపిస్తూ ఆ పెట్టెని గంటన్నర సేపు ఇంటింటికీ చూపించింది. యూరప్‌లో ఈ సంబంధాన్ని చట్టం తెంచింది 2005 జూలై చివర్లో. మన దేశంలో 2003లో చట్టం వచ్చింది.

ఈలోగా పిల్లలు ఆ పెట్టెల్ని అట్టపెట్టెల్లో కొని, జిగురుతో అతికించి, అలమరల్లో పెట్టుకున్నారు. బొమ్మకి అమాయకత్వం ఉంటుందని మనం అనుకుంటాం గానీ ముక్కలు బిగించే బొమ్మ మొదటినుంచీ అమ్మకందారు చేతిదే. ఇంగ్లాండులో ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 1949లో చేసిన మొదటి బొమ్మ విమానం కాదు, ఫెర్గూసన్ ట్రాక్టరు. ట్రాక్టర్లు అమ్మేవాళ్లు చేత్తో పట్టుకుని చూపించడానికి పుట్టిందది. పిల్లలు తర్వాత వచ్చారు.

ఇక ఆకు సంగతి. వర్జీనియా పొగాకు గుంటూరు ప్రాంతపు నల్లరేగడిలో 1920లలో వేళ్లూనుకుంది. దానికి ముందే, 1912లో, విదేశీ సిగరెట్ కంపెనీకి ఆకు సేకరించి పెట్టడానికి ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ పుట్టింది. చీరాల వాళ్లకి ఐఎల్‌టీడీ అంటే చాలు. మన ఆకుకి బ్రిటన్ దశాబ్దాల పాటు పెద్ద గిరాకీదారు. 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు, 1985లో ఆంధ్రలో వేలం కేంద్రాలు వచ్చాయి. పొగాకు చరిత్ర రాసినవాళ్లు ఇంతవరకూ బాగానే రాశారు. సంవత్సరాలు, కంపెనీలు, ఎగుమతులు, ధరలు. 2015లో ధర పడిపోయి ప్రకాశం జిల్లా రైతులు ఆత్మహత్యలు చేసుకుంటే అదీ రాశారు. రైతు అంటే మాత్రం బ్యారన్ ఎవరి పేరున రిజిస్టరయితే ఆయన. మా ఇంట్లో అది నాన్న పేరున ఉండేది. అమ్మ పేరు ఏ కాగితం మీదా లేదు.

అమ్మ పనేమిటో ఈసారి కూర్చోబెట్టి అడిగి రాసుకున్నాను. ఇన్నేళ్లూ అడగకపోవడం నా తప్పే. నేను చదివిన స్త్రీవాదమంతా లైబ్రరీలోంచి వచ్చింది, వసారాలోంచి కాదు. మంచు ఆరకముందే చేలో దిగి అడుగు ఆకులు కోయాలి. ఒక్కో చెట్టుకి రెండో మూడో, పండినవే. వారం తిరిగేసరికి మళ్లీ అదే చెట్టు, ఇంకాస్త పైఆకు. కోసింది చంకకింద పెట్టుకుని సాలు చివరికి మోయాలి. తర్వాత నీడన కూర్చుని పురికొసతో కర్రకి అటూ ఇటూ ఆకు కట్టాలి. ముడి బిగిస్తే ఈనె తెగుతుంది, వదులైతే ఎండి ముడుచుకున్న ఆకు జారి కింద గొట్టాల మీద పడి బ్యారనే అంటుకుంటుంది. అయిదారు రోజులు వేడి మెల్లగా పెంచుతూ మంట చూడ్డం మగవాళ్ల పని. రాత్రి మేలుకుంటారు కాబట్టి ఆ పనికి గౌరవం ఎక్కువ. దించాక మండె వేసి, రంగుని బట్టి ఆకు ఏరడం మళ్లీ ఆడవాళ్లదే.

ఆ పసరు చేతికంటితే నల్లటి జిగురవుతుంది. సబ్బుకి పోదు. అన్నం కలిపితే చేదు. ఇంకొకటి కూడా చెప్పింది. పెళ్లయిన మొదటేడు తడి ఆకు కోసిన మధ్యాహ్నం కళ్లు తిరిగి వాంతులయితే, చేలోని ఆడవాళ్లంతా నవ్వుతూ నెల తప్పిందా అని అడిగారట. నాయనమ్మ సంతోషపడి రెండు రోజులు ఇంట్లో కూర్చోబెట్టింది. మూడో రోజు చేలో మళ్లీ వాంతులు. తడి ఆకులోంచి నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోయి అలా చేస్తుందని 1970లో ఫ్లోరిడా పొగాకు కూలీలని చూసిన వైద్యులు రాశారు. అమ్మ పెళ్లి 1971. ఆ సంగతి ముండ్లమూరు చేరలేదు. ఆడదానికి వాంతులయితే కారణం ఒక్కటే ఉండగలదని అందరూ నమ్మారు.

సిగరెట్ కంపెనీలకి మాత్రం ఆడవాళ్లంటే ఎప్పుడూ పట్టింపే. ఎరుపూ తెలుపూ పెట్టెతో, గుర్రం మీది మగాడితో ప్రపంచమంతా తెలిసిన మార్ల్‌బరో 1924లో ఆడవాళ్ల సిగరెట్‌గా పుట్టింది. పెదాల రంగు కనబడకుండా చివర ఎర్రకాగితం కూడా చుట్టారు. 1950లలో దాన్ని మగవాడిని చేశారు, తర్వాత మెక్‌లారెన్ కార్లకి ఎక్కించారు. ఆడవాళ్ల కోసం 1968లో వర్జీనియా స్లిమ్స్ అని వేరేగా సన్నటిది తెచ్చి స్త్రీ విమోచన మాటల్తోనే అమ్మారు. 1970లో స్త్రీల టెన్నిస్‌కి డబ్బు పెట్టిందీ ఆ పేరే. ఆ డబ్బుతో బిల్లీ జీన్ కింగ్ వంటి వాళ్లు సమాన బహుమతి కోసం పోరాడగలిగారన్నదీ నిజమే. ఈ ముడి నాకింకా విడలేదు.

కార్ల పందెంలో ఆడవాళ్లని కారు పక్కన నిలబెట్టారు, పెట్టె రంగు బట్టలేసి, చేతికి గొడుగో బోర్డో ఇచ్చి. ఫార్ములా వన్‌లో ఆ ఆచారం 2018 దాకా సాగింది. కారులో కూర్చున్నవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1958లో ఇటలీకి చెందిన మరియా తెరెసా దె ఫిలిప్పిస్ మొదటిది. రెండో ఆమె లెల్లా లొంబార్డి, ఆమెదీ ఇటలీయే. మాంసం దుకాణం వాళ్లమ్మాయి, ఆ సరుకు వ్యాను తోలుతూ వేగం నేర్చుకుంది. 1975 ఏప్రిల్ 27న బార్సిలోనా కొండ మీది వీధుల్లో జరిగిన పందెంలో ఆరోస్థానంలో ఉండగా ఒక కారు జనంలోకి దూసుకెళ్లి ప్రాణాలు పోయాయి. పందెం మధ్యలో ఆపేసి అందరికీ సగం మార్కులిచ్చారు. ఆరోస్థానానికి ఒకటి, అందులో సగం. ప్రపంచ పోటీలో ఇప్పటిదాకా ఒక స్త్రీకి వచ్చిన మార్కులు మొత్తం ఆ అర. ఆమె కారు మీదున్నది కాఫీ కంపెనీ పేరు. 1992లో కేన్సర్‌తో పోయింది.

ఇదంతా అమ్మకి చెబుతూనే బంగారు రంగు కలిపాను. స్టిక్కరు గీత ఒకటి చిరిగితే కుంచెతో దిద్దాల్సి వచ్చింది. ఆ కారు బంగారం నగల బంగారం కాదు, మెరుపు చచ్చిన రంగు. నా చేతికి ఎంతకీ కుదరలేదు. అమ్మ శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లని నా మూత మీదికి వంచి చూసి అంది: "ఒకరోజు ముందే దించేసినట్టుంది బ్యారను. ఇంకాస్త ఎర్రబడాల." చుక్క గోధుమరంగు వేశాను. సరిగ్గా కలిసిపోయింది.

"ఇంతకీ తోలే మనిషేదే?" అంది సీటులోకి వేలు పెట్టి.

"ఈ పెట్టెలో మనిషిని ఇవ్వలేదమ్మా."

"ఆ అరమార్కు పిల్లని కూర్చోబెట్టు మరి. ఆడకూలి ఇచ్చినట్టున్నారుగా పాపం."

మగవాళ్లకీ ఆరోజు సగమే ఇచ్చారని చెప్పాను. నమ్మినట్టు కనబడలేదు.

ఖాళీ చోటుకి సిగరెట్ పేరు తెప్పించుకోలేదు. నిజం కారుకి ఉన్నది ఉన్నట్టు చెయ్యడమే ఈ పనిలో నీతి అని మేనల్లుడు వాదించాడు. ఉన్నది ఉన్నట్టు అంటే ఎక్కడిదాకా అని నేనడిగితే "నీతో ఇదే అత్తా" అని పెట్టేశాడు. వాడి మాటలోనూ న్యాయముంది. తీసేసిన పేరు కూడా ఒకరకంగా చరిత్రని తుడవడమే. పొగాకు డబ్బు లేకుండా ఆ కార్లు అంత వేగంగా మారేవి కావు. కానీ ఆ ఒక్క పేరు పెడితే మాత్రం లెక్క పూర్తవుతుందని నాకు అనిపించలేదు.

మిగిలింది ఇంజను. ఎనిమిది సిలిండర్ల కాస్‌వర్త్, ఎనిమిది ప్లగ్గులు. పెట్టెలో వాటి తీగలు ఇవ్వరు, ఓపికున్నవాళ్లు సొంతంగా పెట్టుకుంటారు. పాత కరెంటు వైరు ఒలిచి సన్నటి పోగులు తీశాను. సూది మొనతో చేసిన రంధ్రాల్లో గుచ్చి, నాలుగేసి కలిపి కట్టాలి. నా వేళ్లకి నాలుగోది ఎప్పుడూ జారిపోయింది. అమ్మ కారుని ఒళ్లోకి లాక్కుంది. చూడకుండానే, వీధిలో వెళ్తున్న వాళ్లని పలకరిస్తూనే, బొటనవేలి గోటితో పోగుల్ని సర్ది, కర్రకి ఆకు కట్టినట్టు అటొకటి ఇటొకటి మెలి వేసింది.

"బిగించకు, తెగుద్ది" అన్నాను.

"నాకు చెప్పొచ్చింది" అంది.