లాయంలో నలభై రోజులు

ఆరుబయట ఉండే గుర్రానికి కట్టిన కొట్టం కావాలా అన్న ప్రశ్న చలి దేశాల్లో మంచు చుట్టూ తిరుగుతుంది. దక్షిణాపథంలో అది ఎండ, ముసురు, జోరీగల సమస్య. ఇక్కడి రాజులు సముద్రం మీదుగా వచ్చే గుర్రాల కోసం శతాబ్దాల తరబడి బంగారం కుమ్మరించారు. ఆ గుర్రాలు ఏమయ్యాయో విదేశీయులు రాసిపెట్టిన వివరాలు చదివితే, వాటికి కప్పు కరవు కాలేదనీ కప్పు కింద కదలనివ్వకపోవడమే వాటి ప్రాణం మీదికి తెచ్చిందనీ తోస్తుంది.

పెంపుడు గుర్రం పుట్టు యూరేషియా గడ్డి మైదానాలది. చలికాలానికి దానికి ఒత్తుగా బొచ్చు వస్తుంది. తిన్న గడ్డి పెద్దపేగులో పులిసేటప్పుడు పుట్టే వేడి ఒంటిని కాస్తుంది. ఈదురుగాలి వీస్తే గాలికి వెనుదిరిగి, తల వంచి నిలబడుతుంది. కడుపునిండా ఎండుగడ్డి ఉంటే పొడి చలిని కప్పు లేకుండానే ఓర్చుకుంటుంది. వాన, గాలి కలిసి వచ్చినప్పుడే ఇబ్బంది పడుతుంది, ఎందుకంటే తడిసిన బొచ్చు వెచ్చదనాన్ని పట్టి ఉంచలేదు. ఎండ సంగతి వేరు. గుర్రం ఒంటిని చల్లబరచుకునేది ప్రధానంగా చెమటతో. గాలిలో తేమ ఎక్కువైతే ఆ చెమట ఆరదు. వేడి దేశాలకు తెచ్చిన గుర్రాల్లో కొన్నింటికి చెమట పట్టడమే ఆగిపోతుంది. ఎడారి పొడిగాలికి అలవాటు పడి తీరం రేవుల్లో దిగిన గుర్రానికి అన్నిటికంటే ముందు కావలసింది నీడ, గాలి, నీళ్లు.

పదమూడో శతాబ్దం చివర పాండ్య రాజ్యం చూసిన మార్కోపోలో గుర్రాల గురించి బాధగానే రాశాడు. అక్కడి అయిదుగురు రాజసోదరుల్లో ఒక్కొక్కరు ఏటా రెండు వేలకు పైగా గుర్రాలు కొనేవారనీ, ఏడాది తిరిగేసరికి వాటిలో వంద కూడా మిగిలేవి కావనీ అంటాడు. హొర్ముజ్, కైస్, ఏడెన్ వర్తకులు తమతో గుర్రపు వైద్యులను రానివ్వలేదట. చచ్చిన ప్రతి గుర్రం వారికి మరో బేరం కదా. గుర్రాలకు మాంసం కలిపి వండిన అన్నం పెట్టేవారని కూడా చెప్పాడు. అంకెల్లో అతిశయోక్తి ఉండవచ్చు. కానీ అదే కాలానికి చెందిన పారశీక చరిత్రకారుడు వస్సాఫ్ దాదాపు ఇదే కథను ఇంకా వివరంగా చెప్పాడు. ఏటా పదివేల గుర్రాలు దిగుమతి అయ్యేవనీ, ఒక్కోదాని ధర 220 దీనారాలనీ, దారిలో చచ్చినవాటికి కూడా సొమ్ము ముట్టేదనీ ఆయన లెక్క. వచ్చిన గుర్రాన్ని నలభై రోజులు లాయంలో మోకులతో మేకులకు కట్టేసేవారు. వేయించిన యవలు, వెన్న కలిపిన దాణా పెట్టి, కాచిన ఆవుపాలు తాగించేవారు. గుర్రం బలిసిన తరవాత ఏ తర్ఫీదూ లేకుండా, రికాబులైనా లేకుండా దాని మీదెక్కి ఉరికించేవారు. కొద్ది రోజుల్లోనే మేలుజాతి గుర్రం మందగించి పనికిరాకుండా పోయేదని వస్సాఫ్ రాశాడు.

ఆ నలభై రోజుల్లో ఒంట్లో ఏం జరిగి ఉంటుందో నేటి పశువైద్యం తెలిసినవారు ఊహించగలరు. మేతకు వదిలితే గుర్రం రోజులో పద్నాలుగు నుంచి పదహారు గంటలు మేస్తూ, నడుస్తూనే ఉంటుంది. దాని పొట్టలో ఆమ్లం నిరంతరం ఊరుతుంది కాబట్టి గడ్డి కూడా నిరంతరం అందాలి. కదలనివ్వకుండా గింజలు దండిగా పెడితే కడుపుశూల వస్తుంది, డెక్కల లోపలి పొరలు వాస్తాయి. మూత్రం ఇంకిన నేల నుంచి లేచే అమ్మోనియా ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. పూర్తి దాణా తింటూ ఊరికే నిలబడిన గుర్రాన్ని ఒక్కసారిగా పరుగెత్తిస్తే కండరాలు బిగుసుకుని చితికిపోతాయి. అలా పాడైన గుర్రాలను చూసినవారు తప్పును దేశపు గాలి మీదికి నెట్టేసి ఉండవచ్చు.

ఇదంతా శాస్త్రం తెలియక జరిగిందనడానికి లేదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుడి అధ్యాయం లాయాన్ని కొలతలతో సహా చెబుతుంది. వెడల్పు గుర్రం పొడవుకు రెట్టింపు ఉండాలి, మధ్యలో దొర్లడానికి చోటు వదలాలి, ఒక్కో గుర్రం కింద నున్నటి పలకలు పరవాలి, మలమూత్రాలు పోయే దారి ఉండాలి. కాకతీయుల కొలువులో గంగయ సాహిణి వంటి అశ్వదళ నాయకులు ఉన్నారు. తరవాతి కాలంలో మనుమంచి భట్టు తెలుగులోనే అశ్వశాస్త్రం రాశాడు. అయితే గ్రంథంలో ఉన్నది రాత్రీపగలూ గుర్రం పక్కనుండే మనిషి చేతిలోకి రావాలి. బేరం మీద ఉన్న శ్రద్ధ పెంపకం మీద లేనప్పుడు ఆ దారి తెగిపోతుంది.

విజయనగరంలో ఆ బేరం పరాకాష్ఠకు చేరింది. సాళువ నరసింహుడు మూడు గుర్రాలకు వెయ్యి పర్దావు నాణేల చొప్పున చచ్చినవాటికీ చెల్లించేవాడనీ, సముద్రంలో చచ్చిన గుర్రం తోక తెచ్చి చూపినా సొమ్ము ఇచ్చేవాడనీ పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. విజయనగర రాజు ఏటా పదమూడు వేల గుర్రాలు కొని, మేలైనవి తన లాయానికి ఉంచుకుని మిగతావి నాయకులకు ఇచ్చేవాడని కూడా ఆయనే చెబుతాడు. రేవులకు గుర్రాలు తెచ్చే వర్తకులను ఆదరించి, ఆ సరుకు శత్రువుకు చేరకుండా చూడమని కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో బోధించాడు. రాజనీతిగా అందులో తప్పేమీ లేదు. కానీ అన్నివేల గుర్రాలు ఏటా కొనవలసి రావడం వెనుక కొంతైనా ఈ చావుల భారం ఉండి తీరాలి.

భీమా నదీ లోయలోని పొట్టి తట్టువల తీరు దీనికి పూర్తిగా భిన్నం. మరాఠా రౌతులు వాడిన ఈ గుర్రాలు బయలులోనే పుట్టి, దొరికిన గడ్డి తిని, విడిదిలో ఆకాశం కిందే నిలబడేవి. అందం, ఎత్తు తక్కువైనా దూర ప్రయాణాలకు నిలిచాయి.

అందువల్ల కొట్టం వద్దని అర్థం కాదు. ఏప్రిల్, మే ఎండలకు నీడ తప్పనిసరి. దానికి వేప, చింత గుబుర్లు మేలు, ఎందుకంటే మధ్యాహ్నం రేకుల కప్పు కింద సెగ దిగుతుంది. విడవని ముసురుకు మాత్రం చెట్టు చాలదు. అప్పుడు మూడు వైపులా గోడ ఉండి ఒకవైపు పూర్తిగా తెరిచిన పాక కావాలి. తెలంగాణ, రాయలసీమల్లో జల్లు ఎక్కువగా నైరుతి నుంచి కొడుతుంది కనుక ఆ దిక్కు మూసి ఉండాలి. కోస్తాలో ఈశాన్య రుతుపవనాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. తెరిచిన వైపు వెడల్పుగా లేకపోతే మందలో బలమైన గుర్రం వాకిట్లో నిలబడి బలహీనమైనదాన్ని వానలోనే ఉంచేస్తుంది. పాక మెరక మీద ఉండాలి. బురదలో రోజుల తరబడి నిలిస్తే డెక్కలు కుళ్లుతాయి.

ఈగల విషయంలోనే కప్పు అసలు విలువ తెలుస్తుంది. 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ పంజాబులోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాలు, ఒంటెల రక్తంలో సర్రా వ్యాధి క్రిమిని కనుగొన్నాడు. దాన్ని మోసే జోరీగలు ఎండలో విజృంభిస్తాయి, చీకటి కొట్టంలోకి సాధారణంగా రావు. అందుకే పగటిపూట నీడలోకి వెళ్లే స్వేచ్ఛ గుర్రానికి రక్షణ అవుతుంది. 1960లో భారతదేశానికి పాకిన ఆఫ్రికన్ గుర్రపు జబ్బును మాత్రం సందె నుంచి తెల్లవారేదాకా తిరిగే చిన్న దోమపోటు ఈగలు అంటిస్తాయి. అలాంటి జబ్బు ఉన్నచోట రాత్రివేళ సన్నని వల బిగించిన లాయంలో గుర్రాన్ని ఉంచాలి. తెల్లవారి పొద్దెక్కాక మళ్లీ బయలులోకి వదలాలి.