పని ఆమెది, పేరు ఇంకొకరిది: ఎలిజబెత్ ఫ్రీడ్‌మన్ కథ



షోలాపూరులో స్థిరపడిన మన నేత కుటుంబాలకు తెలిసిన సంగతే. మగ్గం మీద కూర్చున్న మనిషిని నేతగాడు అంటాం. ఇంట్లో కండెలు చుట్టిన ఆడవాళ్లకు ఆ పేరు లేదు. ఈరోజు మన ఆడపిల్లలు బెంగళూరు, చెన్నై, పుణే నగరాల్లో సమాచార భద్రత ఉద్యోగాలు చేస్తున్నారు. ఆ విద్యకు తొలినాళ్లలో దారి వేసిన ఒక అమెరికన్ మహిళకూ ఇదే జరిగింది. ఈసారి ఆమె గురించి చెప్పుకుందాం.

ఎలిజబెత్ 1892లో ఇండియానా రాష్ట్రంలో పుట్టారు. కూతురి కాలేజీ చదువు తండ్రికి ఇష్టం లేదు. చివరికి డబ్బు ఇచ్చారు గానీ, 6 శాతం వడ్డీకి అప్పుగా ఇచ్చారు! 1915లో ఆంగ్ల సాహిత్యంలో పట్టా తీసుకుని, మరుసటి ఏడు షికాగో దగ్గర రివర్‌బ్యాంక్ అనే ప్రైవేటు పరిశోధనాలయంలో చేరారు. షేక్‌స్పియర్ నాటకాలు నిజానికి బేకన్ రాశాడని, వాటిలో రహస్య సందేశాలు దాచాడని దాని యజమాని నమ్మకం. వాటిని వెతకడానికే ఈమెను పెట్టుకున్నారు. అలాంటివేమీ లేవని ఆమెకు తేలిపోయింది, కానీ రహస్య లిపులు విప్పే విద్య పట్టుబడింది. సహోద్యోగి విలియం ఫ్రీడ్‌మన్‌ను 1917లో పెళ్లాడారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఇద్దరూ ప్రభుత్వానికి సందేశాలు విప్పి ఇచ్చారు, సైనికాధికారులకు పాఠాలు చెప్పారు.

తర్వాత అమెరికాలో మద్యనిషేధం వచ్చింది. దొంగ సారా ఓడలు రేడియోలో సంకేత భాషలో మాట్లాడుకునేవి. తీరరక్షక దళం ఆమెను పిలిచింది. కంప్యూటర్లు లేని రోజులు. ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చింది, ఏ వరుస మళ్లీ కనబడింది అని పెన్సిలుతో లెక్కగట్టి వేల సందేశాలు విప్పారు. 1933లో న్యూ ఆర్లియన్స్ కోర్టులో ఆమె సాక్ష్యంతో ముఠా నాయకులకు శిక్షలు పడ్డాయి. అప్పటికి ఇద్దరు బిడ్డల తల్లి.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆమె బృందం దక్షిణ అమెరికాలోని నాజీ గూఢచారుల సందేశాలు విప్పింది, వాళ్లు వాడిన ఎనిగ్మా యంత్రం గుట్టు కూడా పట్టుకుంది. ఆ బృందాన్ని తయారు చేసింది ఆమె. యుద్ధకాలంలో పైఅధికారిగా ఒక పురుషుడిని కూర్చోబెట్టారు. యుద్ధం ముగిశాక గూఢచారులను పట్టిన కీర్తి ఎఫ్‌బీఐకి, దాని అధిపతి హూవర్‌కు దక్కింది. రహస్యం కాపాడతానని మాట ఇచ్చిన ఎలిజబెత్ నోరు విప్పలేదు. 1980లో కన్నుమూశారు. ఆ కాగితాల మీద రహస్య ముద్ర తొలగింది ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు. 2019లో అమెరికా సెనేట్ ఆమె సేవను గౌరవిస్తూ తీర్మానం చేసింది.

ఈ రంగంలో ఒక చిక్కు ఉంది. పని బాగా జరిగితే బయటికి ఏమీ కనబడదు. దొంగతనం జరగని రోజు కావలివాణ్ని ఎవరూ తలుచుకోరు. అందులోనూ ఆడమనిషి అయితే, ఆ పనిని పక్కవారి ఖాతాలో రాయడం మరీ సులువు.

కాబట్టి మన సంఘం చేయదగిన పని ఒకటుంది. ప్రత్యేక సంచికల్లో మన ఆడపిల్లలను ఫలానా వారి అమ్మాయి, ఫలానా వారి కోడలు అని రాసి వదిలేస్తున్నాం. ఇకనుంచి ఆమె పేరు, ఉద్యోగం, ఎన్నేళ్ల అనుభవం అన్నీ రాద్దాం. చేసిన పని రహస్యమే కావచ్చు, చేసిన మనిషి పేరు రహస్యం కానక్కర్లేదు. హోసూరు నుంచి బరంపురం దాకా, యానాంతో సహా, ప్రతి శాఖలోని పెద్దలూ ఈ వివరాలు సేకరించి పంపాలని మనవి.