డ్యాష్‌బోర్డు పచ్చగానే ఉంది కదా!

మా పిన్నిది తెనాలి. పోయినేడాది సంక్రాంతి వెళ్ళాక ఒక రాత్రి ఫోన్ చేసింది. బాబాయి నిద్రపోయేదాకా ఆగి చేసినట్టుంది, గొంతు బాగా తగ్గించి మాట్లాడింది. "ఒరేయ్ చిన్నా, మొన్న హెల్త్ చెకప్ చేయించుకున్నాం. కాగితాలు వాట్సాప్‌లో పెట్టాను. అందులో మామోగ్రామ్ ఏమొచ్చిందో చూసి చెప్పు" అంది. చూశాను. నార్మల్ అని ఉంది, అదే చెప్పాను. "మరి చేతికి తగులుతోంది కదరా, గోళీకాయంత" అంది. ఆ సంగతి స్కాన్ సెంటర్లో చెప్పలేదట. సిగ్గు. "రిపోర్టు నార్మల్ వచ్చిందిగా పిన్నీ, ఇంకెందుకు కంగారు, పడుకో" అన్నాను.

పద్నాలుగేళ్ళుగా ప్రొడక్షన్ సపోర్టులో ఉన్నవాణ్ణి. యూజర్ "పని చెయ్యట్లేదు మొర్రో" అని టికెట్ పెడితే, "మా డ్యాష్‌బోర్డులో అంతా పచ్చగానే ఉంది" అని టికెట్ మూసేసిన కుర్రాళ్ళని చెడామడా తిట్టినవాణ్ణి. ఆ రాత్రి నేను చేసింది సరిగ్గా అదే పని. ఆ తరవాత ఏమైందో చివర్లో చెప్తాను. ఈలోగా, ఈ రొమ్ములో గడ్డ అనేదాన్ని మనుషులు ఎప్పుడెప్పుడు ఎలా అర్థం చేసుకున్నారో చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ, నాలాగా ఒక్క సంకేతాన్ని నమ్మి చెయ్యి కాల్చుకున్నవాళ్ళు చాలామందే కనిపించారు. కాకపోతే కాలింది వాళ్ళ చెయ్యి కాదు, ఆడవాళ్ళ ఒళ్ళు.

1804లో జపాన్‌లో హనవోక సెయిషూ అనే వైద్యుడు, ఉమ్మెత్త, నాభి లాంటి మూలికలు కలిపిన మందుతో మత్తిచ్చి ఒక అరవయ్యేళ్ళావిడ రొమ్ములోంచి గడ్డ తీశాడు. బోస్టన్‌లో ఈథర్ మత్తుని నలుగురి ముందు ప్రదర్శించింది 1846లో. అంటే దానికి 42 ఏళ్ళ ముందన్నమాట. ఆ మందు సంగతి యూరప్ వాళ్ళకి తెలీదు. అందుకే 1811లో ఇంగ్లీషు నవలా రచయిత్రి ఫానీ బర్నీకి పారిస్‌లో ఆపరేషన్ చేసినప్పుడు మత్తు లేదు. చేసింది నెపోలియన్ సైన్యంలో పేరుమోసిన సర్జన్ లారీ. ఆవిడ అదంతా తరవాత వాళ్ళ అక్కచెల్లెళ్ళలో ఒకరికి పెద్ద ఉత్తరంగా రాసింది. 1840 దాకా, అంటే 87 ఏళ్ళు వచ్చేదాకా బతికింది. ఇక్కడ గమనించాల్సిన సంగతొకటుంది. ఆవిడది నిజంగా కాన్సరేనా అన్నది ఇప్పుడెవరూ తేల్చి చెప్పలేరు. ఎందుకంటే అప్పట్లో 'ముందు తేల్చుకోవడం' అనే మెట్టే లేదు. గడ్డ ఉంది, కోసెయ్యాలి. అంతే.

సరే, మత్తుమందు వచ్చింది, చేతులు కడుక్కోవడం వచ్చింది. 1894లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ సర్జన్ విలియం హాల్‌స్టెడ్ తను చేసిన 50 ఆపరేషన్ల వివరాలు అచ్చువేశాడు. ఆయన లెక్క ప్రకారం కాన్సర్ ఒకచోట మొదలై వరసగా పక్కకి పాకుతుంది. కాబట్టి రొమ్ము, దాని కింద ఛాతీ కండరాలు, చంకలో బిళ్ళలు, అన్నీ ఒకేసారి తీసెయ్యాలి. కోసినచోట మళ్ళీ రావడం నిజంగానే బాగా తగ్గింది. దాంతో సుమారు 80 ఏళ్ళపాటు అదే శాస్త్రమైపోయింది. బతికినవాళ్ళలో చాలామందికి చెయ్యి వాచిపోయేది, భుజం పైకి లేచేది కాదు. ఆయన్ని చెడ్డవాడనడానికి వీల్లేదు. చేతిలో ఉన్న కొలత ఒక్కటే, 'కోసినచోట మళ్ళీ వచ్చిందా లేదా' అని. ఆ కొలత బాగుంది. మనిషి ఎక్కువకాలం బతికిందా అన్నది వేరే ప్రశ్న.

దీనికి తోడు ఇంకో అలవాటు వచ్చింది. గడ్డ ఉన్నావిడకి మత్తిచ్చి, ఒక ముక్క తీసి ల్యాబ్‌కి పంపించి, కాన్సర్ అని తేలితే అక్కడికక్కడే మొత్తం తీసేసేవారు. నిద్ర లేచి తడుముకుంటే గానీ ఆవిడకి ఏం జరిగిందో తెలిసేది కాదు. 1974 సెప్టెంబర్లో అమెరికా అధ్యక్షుడి భార్య బెట్టీ ఫోర్డ్‌కి కూడా ఇలాగే చేశారు. ఆవిడ దాచకుండా లోకానికి చెప్పడంతో లక్షలమంది ఆడవాళ్ళు పరీక్షలకి కదిలారు. అదే ఏడాది రోజ్ కుష్నర్ అనే జర్నలిస్టు తన గడ్డ విషయంలో అడ్డం తిరిగింది. "ముక్క పరీక్ష చెయ్యండి, నన్ను లేపండి, ఏం చెయ్యాలో నేను ఆలోచించుకుని చెప్తాను" అని. చాలామంది సర్జన్లు కుదరదన్నారు. ఆవిడ వదల్లేదు, వ్యాసాలు రాసింది, పుస్తకం రాసింది, పోట్లాడింది. 1979లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల బృందం, పరీక్షనీ ఆపరేషన్‌నీ విడదీయాలని చెప్పింది. ఆ బృందంలో కుష్నర్ కూడా ఉంది.

ఇంకోపక్క బెర్నార్డ్ ఫిషర్ అనే సర్జన్ హాల్‌స్టెడ్ లెక్కనే పరీక్షకి పెట్టాడు. 1976లో మొదలుపెట్టిన ప్రయోగంలో సుమారు 1,850 మంది. కొందరికి రొమ్ము మొత్తం తీశారు, కొందరికి గడ్డ మాత్రమే, కొందరికి గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చారు. 1985లో ఒకసారి, 20 ఏళ్ళు గమనించి 2002లో మళ్ళీ ఫలితాలు చెప్పారు. బతికిన కాలంలో తేడా లేదు! గడ్డ మాత్రమే తీసినప్పుడు అదే రొమ్ములో మళ్ళీ రాకుండా రేడియేషన్ బాగా పనిచేసింది. మధ్యలో ఒక కేంద్రంలో డాక్టరొకాయన రికార్డులు తారుమారు చేశాడని బయటపడి పెద్ద గొడవైంది. ఆ కేంద్రం డేటా మొత్తం తీసేసి మళ్ళీ లెక్కకట్టారు. జవాబు మారలేదు. మనవాళ్ళకి ఈ ముక్క నచ్చుతుందని చెప్తున్నాను.

ఇప్పుడు స్క్రీనింగ్ సంగతి. 1913లో బెర్లిన్ సర్జన్ ఆల్బర్ట్ సాలమన్, తీసేసిన రొమ్ములు సుమారు 3,000 ఎక్స్‌రే తీసి చూశాడు. కాన్సర్ అందులో కనిపిస్తుందని తెలిసింది. అరవైల్లో ఆ ఎక్స్‌రే తీసే పద్ధతి కుదురుకుంది. 1963లో న్యూయార్క్‌లో 62,000 మందితో ప్రయోగం మొదలైంది. సగం మందిని ఏడాదికోసారి మామోగ్రామ్‌కీ, చేతి పరీక్షకీ పిలిచారు. పదేళ్ళ లెక్కలో వాళ్ళలో రొమ్ము కాన్సర్ చావులు సుమారు 30 శాతం తగ్గాయి. 1988లో బ్రిటన్ దేశవ్యాప్తంగా మొదలుపెట్టింది.

స్క్రీనింగ్ అంటే ఏ బాధా లేనివాళ్ళని వెతికి చూడటం. మన భాషలో మానిటరింగ్. గడ్డ చేతికి తగిలిందంటే అది ఇక స్క్రీనింగ్ కాదు, యూజర్ టికెట్ పెట్టినట్టు. మామోగ్రామ్ ఉన్న కాన్సర్లలో సుమారు 10 నుంచి 20 శాతం చూపించదు. వయసు తక్కువై రొమ్ము దట్టంగా ఉన్నవాళ్ళలో ఇంకా ఎక్కువ. అందుకే గడ్డ ఉంటే మూడు చూడాలంటారు: డాక్టర్ చెయ్యి, స్కాన్, సూది. మూడూ 'పర్లేదు' అంటే కాన్సర్ ఉండే అవకాశం నూటికి ఒకటి కన్నా తక్కువ. ఏ ఒక్కటి అనుమానం చెప్పినా ముందుకెళ్ళాలి. అందుకే బ్రిటన్‌లో 30 దాటినావిడ ఎందుకొచ్చిందో తెలియని గడ్డతో వస్తే, నొప్పి ఉన్నా లేకపోయినా, ఫామిలీ డాక్టర్ త్వరగా స్పెషలిస్టుకి పంపమని నియమం. నిజానికి గడ్డల్లో ఎక్కువ భాగం కాన్సర్ కావు. కానీ అది సూది చెప్పాలి, మేనల్లుడో అక్క కొడుకో కాదు.

మన దేశంలో ఊరూరా మామోగ్రామ్ యంత్రం అయ్యే పని కాదు. సొంతంగా తడిమి చూసుకోవడం నేర్పితే? షాంఘై బట్టల మిల్లుల్లో 2,66,064 మందితో చేసి చూశారు. 2002లో వచ్చిన ఫలితం: చావులు తగ్గలేదు, హాని లేని గడ్డలకి బయాప్సీలు పెరిగాయి. మరి శిక్షణ పొందిన చెయ్యి అయితే? ముంబై టాటా మెమోరియల్ వాళ్ళు 1998లో 1,51,538 మందితో మొదలుపెట్టారు. నాలుగు వారాల శిక్షణ ఇచ్చిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో పరీక్షించారు. 2021లో ఫలితాలొచ్చాయి. ముదిరాక బయటపడినవి 47 శాతం నుంచి 37కి తగ్గాయి. చావులు మొత్తమ్మీద 15 శాతం తగ్గినట్టు కనిపించినా, అది గణాంకాల ప్రకారం గట్టిగా నిలబడలేదు. 50 దాటినవాళ్ళలో మాత్రం దాదాపు 30 శాతం తగ్గాయి. 2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా 30 దాటిన ఆడవాళ్ళకి అయిదేళ్ళకోసారి చేతి పరీక్ష అనే ఉంది. కాగితం మీద ఉన్నది మన ఊరి పీహెచ్‌సీలో ఎంత జరుగుతోందో ఎవరికి వాళ్ళే వెళ్ళి చూడాలి.

మా పిన్ని విషయానికొస్తే, నా మాట విని మూడు నెలలు ఊరుకుంది. బీపీ మాత్రల కోసం పీహెచ్‌సీకి వెళ్ళినప్పుడు అక్కడి డాక్టరమ్మ తలుపేసి, అయిదు నిమిషాలు చేత్తో చూసింది. "రిపోర్టు పక్కన పెట్టండమ్మా, ముందు సూది పరీక్ష చేయించుకోండి" అంది. పిన్ని మళ్ళీ నాకు ఫోన్ చేసి, "సూది గుచ్చితే పాకుతుందంటారు కదరా" అంది. ఈసారి ఏ రిపోర్టూ చదవలేదు. శుక్రవారం రాత్రి బస్సెక్కాను. సూది గుచ్చడం వల్ల ఆయుష్షు తగ్గుతుందనడానికి ఆధారం లేదని దారంతా చదివి వెళ్ళాను గానీ, ఆవిడ ఒప్పుకుంది దానివల్ల కాదు, నేను వచ్చినందుకు.

కాన్సరే. రెండో దశ. గడ్డ మాత్రం తీసి, కీమో, రేడియేషన్ ఇచ్చారు. జుట్టు మళ్ళీ వస్తోంది. ఆ మూడు నెలలు ముందైతే ఇంకా మొదటి దశలో దొరికేదేమో అని అడిగాను. డాక్టర్ అవుననలేదు, కాదనలేదు. పిన్ని నన్ను ఒక్క మాటా అనలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

మీ ఇంట్లో ఎవరైనా గొంతు తగ్గించి ఫోన్ చేస్తే, "నార్మల్ వచ్చిందిగా" అనకండి. "చేతికి తగులుతోందా?" అని అడగండి. తగులుతోందంటే ఆ టికెట్ మూసెయ్యకండి.