లెక్క ముందు, పెట్టె తర్వాత

పచ్చళ్ళు, పొడులు ఇంట్లోనే చేసి అమ్మే మా చిన్న వ్యాపారానికి కంప్యూటర్ కొనాలనుకుంటున్నాం. చిట్టీ పాడుకున్న డబ్బు చేతిలో ఉంది. అదే డబ్బుకు పెద్ద గ్రైండర్ కూడా వస్తుంది, కాబట్టి ఆలోచించే ఖర్చుపెట్టాలి. మావారు "ఏ కంపెనీది?" అంటారు, మా అబ్బాయి "ర్యామ్ ఎంత?" అంటాడు. నాకేమో, అసలు మనలాంటి చిన్న వ్యాపారస్తులు మొదట్లో కంప్యూటర్లు ఎందుకు కొన్నారో తెలుసుకోవాలనిపించింది. చదివితే ఆ కథ మన పద్దుల పుస్తకానికి చాలా దగ్గరగా ఉంది.

యాపిల్ టూ కంప్యూటర్ 1977లో వచ్చింది. వ్యాపారస్తులు దానికోసం ఎగబడింది మాత్రం 1979 తర్వాతే. ఆ ఏడాది డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు విసికాల్క్ అనే ప్రోగ్రాం తెచ్చారు. అడ్డగీతలు, నిలువుగీతలు కొట్టిన లెక్కల కాగితం తెరమీదకు వచ్చినట్టన్నమాట. ఒక అంకె మారిస్తే మొత్తాలన్నీ వాటంతట అవే మారిపోతాయి. నూనె ధర పెరిగితే కిలో ఆవకాయ ఎంతకు అమ్మాలో మళ్ళీ మొదటినుంచీ కూడుకోనక్కర్లేదు! చాలామంది ఈ ప్రోగ్రాం కోసమే ఆ కంప్యూటర్ కొన్నారు.

ఇంకో కథ మన ఆడవాళ్ళు తెలుసుకోవాల్సింది. 1976లో కాలిఫోర్నియాలో లోర్ హార్ప్, క్యారల్ ఈలీ అనే ఇద్దరు గృహిణులు ఆరువేల డాలర్లతో, ఇంట్లోనే, వెక్టర్ గ్రాఫిక్ అనే కంప్యూటర్ కంపెనీ పెట్టారు. లోర్ భర్త తయారుచేసిన మెమరీ బోర్డుతో మొదలై, తర్వాత పూర్తి కంప్యూటర్లే అమ్మారు. 1981కల్లా కంపెనీ షేర్లు మార్కెట్‌లోకి వచ్చాయి. సరిగ్గా ఆ ఏడాది ఆగస్టులోనే ఐబీఎం పీసీ వచ్చింది. లోకమంతా దానికే ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టింది. అవన్నీ ఉన్నవి ఉన్నట్టుగా వెక్టర్ మిషన్లలో నడిచేవి కావు. 1985లో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. మిషన్ మంచిదైనంత మాత్రాన సరిపోదు, నలుగురూ వాడే ప్రోగ్రాం దాంట్లో నడవాలి.

మనదేశంలో ఈ సంగతి ఒక ఇంట్లోనే తేలింది. బెంగళూరులో వ్యాపారం చేసే శ్యాంసుందర్ గోయెంకాకు తన లెక్కలకు సరిపడే ప్రోగ్రాం దొరకలేదు. ఖాతాలన్నిటికీ కోడ్ నంబర్లు గుర్తుపెట్టుకోవడం ఆయనకు నచ్చలేదు. కొడుకు భరత్ గోయెంకా, పేర్లతోనే ఖాతాలు రాసుకునేలా ఒక ప్రోగ్రాం రాసిచ్చారు. 1986లో మొదలైన ఆ కథే ఈరోజు మన ఆడిటర్ల దగ్గర కనిపించే ట్యాలీ.

తెలుగు లేబుళ్ళ సంగతి కూడా ఉంది. ఒకప్పుడు ఒక్కో తెలుగు ఫాంటుకు ఒక్కో పద్ధతి. ఒకదాంట్లో కొట్టిన "గోంగూర" ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పిచ్చి గీతలై కనిపించేది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగు అక్షరాలకు చోటు దొరికింది. యూనికోడ్‌లో టైపు చేసుకుంటే మిషన్ మార్చినా మన అక్షరాలు చెదరవు.

ఇవన్నీ చదివాక షాపుకు వెళ్ళే ముందు నేనొక కాగితం రాసుకున్నాను. వారంలో నేను చేసే పనులు నాలుగు: ఆర్డర్లు రాయడం, బిల్లు ఇవ్వడం, లేబుల్ ప్రింటు తీయడం, నెలాఖరున ఆడిటర్‌కు లెక్క పంపడం. వీటికి ఏ ప్రోగ్రాం కావాలో ఆడిటర్‌నే అడిగాను. అది నడిచే మిషన్లలో మన ఊళ్ళో రిపేరు చేసేవాళ్ళున్నది ఏదో చూశాను. ఆ తర్వాతే ధర. ఇల్లు దాటించే పని లేదు కనుక డెస్క్‌టాప్ చాలనుకున్నాం. కరెంటు పోతే సగంలో ఉన్న బిల్లు పోకుండా యూపీఎస్ కూడా తీసుకుంటున్నాం. వారానికోసారి లెక్కలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి బీరువాలో పెట్టే పని మా అమ్మాయిది.

మీరూ కొనేముందు మీ నాలుగు పనులు రాసుకోండి. పెట్టె ఐదారేళ్ళకు పాతబడుతుంది. ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరినుంచి ఎంత రావాలో చెప్పే లెక్క మాత్రం కొత్త పెట్టెలోకి కూడా మనతో రావాలి.