పిందెలో టెంక ఉందా?

సుశ్రుత సంహిత శారీరస్థానంలో ఒక చిన్న వాదోపవాదం ఉంది. కడుపులో బిడ్డకు ముందుగా ఏ అవయవం ఏర్పడుతుందన్నది ప్రశ్న. ఇంద్రియాలకు మూలం కనుక తల అన్నాడు శౌనకుడు. బుద్ధికీ మనసుకూ నెలవు కనుక గుండె అన్నాడు కృతవీర్యుడు. పోషణ అందేది అక్కడే కనుక బొడ్డు అన్నాడు పారాశర్యుడు. కాళ్లూ చేతులూ అన్నాడు మార్కండేయుడు, మొండెం అన్నాడు సుభూతి గౌతముడు. ధన్వంతరి వీళ్లందరినీ ఒక్క పోలికతో ఆపేశాడు. పండిన మామిడిలో పీచు, కండ, టెంక, జీడి విడివిడిగా కనిపిస్తాయి. పిందెలోనూ అవన్నీ ఉన్నాయి, మరీ సూక్ష్మం కావడంతో మన కంటికి ఆనవు. బిడ్డ అంగాలూ అంతే, అన్నీ ఒక్కసారే పుడతాయి. ఈ సమాధానం తప్పు. కానీ ఇంత బలమైన తప్పు వైద్య చరిత్రలో అరుదు. ‘కనబడలేదు’ అన్న ప్రతివాడికీ ‘సూక్ష్మం కనుక’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. పిండం గురించిన జ్ఞానం మనిషి చూపు పదునెక్కినకొద్దీ పెరిగిందని చెప్పుకోవడం మనకు అలవాటు. చరిత్రను కాస్త దగ్గరగా చూస్తే అలా కనిపించదు. చూపు పదునెక్కినప్పుడు మామిడి వాదం మరింత బలపడింది. దాన్ని పడగొట్టింది వరుస: ఏది ముందు, ఏది తరువాత అని రోజుల లెక్కన పేర్చి చూడటం.

ఆ పద్ధతి పాతదే. గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ పేరుతో ప్రచారంలో ఉన్న ఒక గ్రంథం, ఇరవై గుడ్లు పొదగేసి రోజుకొకటి పగలగొట్టి చూడమంటుంది. అరిస్టాటిల్ కోడిగుడ్లలో అదే చూశాడు. మూడు పగళ్లూ మూడు రాత్రులూ గడిచాక తెల్లసొనలో ఎర్రటి చుక్క కొట్టుకుంటూ కనిపించింది, అదే గుండె. అవయవాలు వల అల్లినట్టు ఒకదాని తరువాత ఒకటి వస్తాయని అతను తేల్చాడు. మనవాళ్లూ నెలల వరుస చెప్పారు కదా అని ఎవరైనా అడగవచ్చు. చెప్పారు. మొదటి నెల కలలం, రెండో నెల ఘనం, మూడో నెల కాళ్లకూ చేతులకూ తలకూ ఐదు మొలకలు, నాలుగో నెల గుండె, దానివల్లే తల్లికి రెండు హృదయాల కోరికలు అంటూ సుశ్రుతుడు లెక్క కట్టాడు. ఆ క్రమశ్రద్ధ మెచ్చుకోదగ్గదే, కానీ లెక్క నిలవదు. గుండె నాలుగో వారంలోనే కొట్టుకోవడం మొదలుపెడుతుంది, మొలకలు ఆ వారం చివరికే కనిపిస్తాయి. ఏడో నెల బిడ్డ బతుకుతాడు, ఎనిమిదో నెల బిడ్డ దక్కడు అన్న మాట మన ఇళ్లలో నిన్నమొన్నటిదాకా వినిపించేది. ఎనిమిదో నెలలో ఓజస్సు నిలకడగా ఉండదని సుశ్రుతుడు దానికి కారణం చూపితే, గ్రీకు వైద్యులు ఎనిమిదో నెల బిడ్డ మీద ఏకంగా ఒక గ్రంథమే రాశారు. రెండు దేశాలవాళ్లు ఒకే మాట చెప్పినంత మాత్రాన అది నిజమైపోదు.

పదిహేడో శతాబ్దంలో కథ విచిత్రంగా మలుపు తిరిగింది. రక్తప్రసరణను కనిపెట్టిన విలియం హార్వే 1651లో, చెప్పుకోదగ్గ సూక్ష్మదర్శిని ఏదీ లేకుండానే, అవయవాలు ఒకటొకటిగా కొత్తగా ఏర్పడతాయని రాశాడు. ఆ తరువాత ఇరవై ఏళ్లకు మంచి సూక్ష్మదర్శిని చేతిలో ఉన్న ఇటలీవాడు మాల్పీగీ, పొదగని గుడ్డులోనే కోడిపిల్ల రూపురేఖలు కనిపించాయని లండన్‌ రాయల్ సొసైటీకి తెలియజేశాడు. అతను చూసింది ఆగస్టు ఎండల్లో పెట్టిన గుడ్డు. ఆ వేడికి పొదుగు అప్పటికే మొదలై ఉంటుంది. 1677లో లేవెన్‌హుక్ శుక్రకణాలను చూశాడు, 1694లో హార్ట్సూకర్ శుక్రకణం తలలో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న మనిషి బొమ్మ గీశాడు. పాపం హార్ట్సూకర్ అలాంటిది చూశానని అనలేదు, చూడగలిగితే ఇలా ఉండవచ్చని మాత్రమే అన్నాడు. అయినా బొమ్మకున్న బలం మాటకు లేదు. పిందెలో టెంక, ఆ టెంకలో మరో చెట్టు, ఆ చెట్టున మళ్లీ పిందెలు. మానవజాతి మొత్తం ఆదితల్లి కడుపులోనే దొంతరలుగా ఉండేదని పండితులే వాదించారు.

ఈ దొంతర వాదాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయకూడదు. ఆకారం లేని జిగురులోంచి కన్నూ ముక్కూ తమంతట తాము ఎలా వస్తాయన్న ప్రశ్నకు అవతలి పక్షం దగ్గర జవాబు లేదు. 1759లో హాలె విశ్వవిద్యాలయంలో తన సిద్ధాంతగ్రంథం సమర్పించిన కాస్పర్ ఫ్రీడ్రిష్ వోల్ఫ్ కూడా ఏదో ‘సారశక్తి’ అని పేరు పెట్టి ఊరుకున్నాడు. పేరు పెడితే వివరించినట్టు కాదు. ఆ కాలపు మహాపండితుడు హాలర్ అతన్ని ఎదిరిస్తూ, అవయవాలు ముందే ఉన్నాయి, పారదర్శకం కనుక కనబడవు అన్నాడు. ధన్వంతరి జవాబే ఇది, భాష మాత్రమే లాటిన్. వోల్ఫ్ గొప్పతనం సిద్ధాంతంలో లేదు, 1768లో ప్రచురించడం మొదలైన పరిశీలనలో ఉంది. కోడిపిల్ల పేగు మొదట చిన్న పేగులా ఉండదు, చదునైన పొరలా ఉంటుంది, ఆ పొర ముడుచుకుని గొట్టమవుతుంది. లేనిదాన్ని సూక్ష్మమని దాటవేయవచ్చు. కళ్లెదుట పరచుకుని ఉన్న పొరను ఏమనాలి? అది పేగుకు చిన్నరూపం కాదు, వేరే రూపం. మామిడి వాదం అక్కడ మొదటిసారి బీటవారింది. తరువాత పాండర్ 1817లో కోడి పిండంలో పొరలను గుర్తించాడు, ఫాన్ బేర్ 1827లో కుక్క అండాన్ని కనిపెట్టాడు.

ఇప్పుడు జన్యువుల కాలంలో మరో అభ్యంతరం వస్తుంది. డీఎన్‌ఏలో అంతా ముందే రాసి ఉందంటున్నారు, అంటే చివరికి ధన్వంతరే గెలిచాడు కదా? సగం ఒప్పుకోవచ్చు. ముందే ఉన్నది నిజంగా ఏదో ఉంది. కానీ అది రూపం కాదు. 1890ల మొదట్లో హాన్స్ డ్రీష్ సముద్రపు అర్చిన్ పిండం రెండు కణాలుగా ఉన్న దశలో వాటిని విడదీశాడు. చెరో సగం జీవి రాలేదు, కాస్త చిన్నవైనా రెండూ పూర్తి డింభకాలే వచ్చాయి. 1924లో ష్పెమాన్, హిల్డె మాంగోల్డ్ కలిసి ప్రచురించిన ప్రయోగంలో ఒక న్యూట్ పిండం నుంచి చిన్న ముక్క తీసి మరో పిండంలో అతికిస్తే, చుట్టూ ఉన్న పరాయి కణాలు కూడి రెండో వెన్ను కట్టాయి. టెంకను రెండుగా చీలిస్తే రెండు టెంకలు రావు. పిండంలో ప్రతి కణం పొరుగు కణాన్ని బట్టి, సమయాన్ని బట్టి తన దారి ఎంచుకుంటుంది.

మనిషి విషయంలో వరుస పేర్చడం కష్టమైంది, ఎందుకంటే గుడ్డు పగలగొట్టినట్టు రోజుకొకటి చూసే వీలు లేదు. గర్భస్రావాల్లో దొరికిన పిండాలను సేకరించి విల్‌హెల్మ్ హిస్ 1880–85 మధ్య మొదటి నమ్మదగిన వరుస అచ్చువేశాడు. అతని శిష్యుడు ఫ్రాంక్లిన్ మాల్ 1914లో బాల్టిమోర్‌లో కార్నెగీ సంస్థ పిండశాస్త్ర విభాగాన్ని మొదలుపెట్టాడు. మొదటి ఎనిమిది వారాలను 23 దశలుగా విభజించిన, నేటికీ వాడుకలో ఉన్న లెక్క అక్కడి సేకరణ నుంచి వచ్చిందే. మొదటి రెండు వారాల ఖాళీని 1938 నుంచి హెర్టిగ్, రాక్ అనే వైద్యులు బోస్టన్ దగ్గర పూరించారు. గర్భసంచి తీయించుకోవలసిన స్త్రీల చేత నెలసరి తేదీలూ భర్తతో కలిసిన రోజులూ రాయించుకుని, శస్త్రచికిత్స తరువాత పిండం కోసం వెతికారు. పదిహేనేళ్లలో దొరికినవి 34. పాఠ్యపుస్తకాల్లో ఆ పిండాలకు అంకెలున్నాయి, ఆ తల్లుల ఊసు లేదు. నేటి నియమాల ప్రకారం ఆ పని ఎవరూ చేయనివ్వరు, చేయనివ్వకూడదు కూడా. అయినా ఆ వరుస లేకపోతే తెలియనివి చాలా ఉన్నాయని ఒప్పుకోక తప్పదు.

ఏం తెలిసిందంటే, చేయి మొదట చిన్న చేయిలా ఉండదు, తెడ్డులా ఉంటుంది. మధ్యలో కణాలు చనిపోతేనే వేళ్లు విడివడతాయి. ఎనిమిదో వారం చివరికి మూడు సెంటీమీటర్ల పిండంలో ముఖ్యమైన అవయవాలన్నిటికీ పునాదులు పడి ఉంటాయి. స్కానింగ్‌లో మనం మురిసిపోయి చూసే బుల్లి మనిషి ఆ తరువాతివాడు. అతన్ని చూసి మొదటినుంచీ ఇలాగే ఉన్నాడనుకోవడం చాలా సులభం. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్ అనే మాత్ర ఆ భ్రమను దారుణంగా చెరిపింది. ఫలదీకరణ జరిగిన దాదాపు ఇరవయ్యో రోజు నుంచి ముప్పై ఆరో రోజు మధ్య తల్లి ఆ మాత్ర వేసుకుంటేనే చేతులూ కాళ్లూ చెవులూ దెబ్బతిన్నాయి. ఏ రోజు వేసుకుంటే ఆ రోజున కట్టుకుంటున్న అవయవమే దెబ్బతింది. 1961 చివర మాత్రను మార్కెట్ నుంచి తీసేసేలోపు వేలమంది పిల్లలు వైకల్యంతో పుట్టారు. వెన్నుపాముకూ మెదడుకూ మూలమైన నాడీనాళం పూర్తిగా మూసుకునేది ఇరవై ఎనిమిదో రోజుకు. గర్భం నిలిచిందన్న సంగతి చాలామందికి అప్పటికి తెలియనే తెలియదు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల 1940ల మధ్యలో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. అంతకుముందు ఒకసారి నాడీనాళ లోపమున్న బిడ్డను కన్న తల్లులకు ఆ మాత్ర ఇస్తే లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి తేల్చింది. ఆ తల్లులు మాత్ర మొదలుపెట్టింది గర్భం నిలవకముందే.